వాటర్ ఫ్లాసర్‌తో పాచి అదుపు, చిగుళ్ల సంరక్షణ: ఏమి ఆశించాలి, ఎలా వాడాలి

పళ్లు తోముకునే బ్రష్షు ఎంత మంచిదైనా దాని కుచ్చు పంటి ముందు భాగాన్నీ వెనుక భాగాన్నీ నమిలే ఉపరితలాన్నీ శుభ్రం చేయగలదే తప్ప, రెండు పళ్లు ఒకదానికొకటి ఆనుకునే సందులోకి పూర్తిగా చేరలేదు. చిగుళ్ల జబ్బు చాలామందిలో మొదలయ్యేది ఆ సందుల్లోనే. అక్కడికీ చిగురు అంచు కిందికీ సన్నని నీటి ధారను పంపే పరికరమే వాటర్ ఫ్లాసర్. 1962లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, ఫోర్ట్ కాలిన్స్ పట్టణంలో, గెరాల్డ్ మోయర్ అనే దంతవైద్యుడూ జాన్ మాటింగ్లీ అనే ఇంజనీరూ కలిసి దీనిని రూపొందించారు. అప్పటి నుంచి పరికరం పరిమాణమూ రూపమూ ఎంతో మారాయి గానీ పనిచేసే సూత్రం మారలేదు. లోపలి చిన్న పంపు నీటిని ఏకధారగా కాకుండా నిమిషానికి సుమారు 1,200 నుంచి 1,400 సార్లు ఆగి ఆగి వదులుతుంది. ధార తగిలిన క్షణంలో చిగురు కొద్దిగా నొక్కుకుపోతుంది, మరుక్షణంలో మళ్లీ యథాస్థితికి వస్తుంది; ఈ నొక్కుకీ సడలింపుకీ మధ్యనే చిగురు కింద చేరినది బయటికి కొట్టుకొస్తుంది.

నీటి ధార ఏమి చేయగలదు, ఏమి చేయలేదు

పాచి అంటే పళ్ల మీద మిగిలిపోయిన ఆహారం కాదు. బాక్టీరియా తమ చుట్టూ తామే ఒక జిగురు పొరను కట్టుకుని పంటికి అంటిపెట్టుకున్న గుంపు అది. జిడ్డు పట్టిన గిన్నె మీద ఎన్ని నీళ్లు కుమ్మరించినా రుద్దనిదే జిడ్డు పూర్తిగా వదలనట్టు, ఈ జిగురు పొర కూడా బ్రష్షు కుచ్చు గానీ పళ్ల సందుల్లో లాగే ఫ్లాస్ దారం గానీ తగిలి రాపిడి జరిగితేనే పూర్తిగా వదులుతుంది. నీటి ధార వదులుగా ఉన్న పాచినీ, ఇరుక్కున్న ఆహారపు తునకలనూ, చిగురు అంచు కింద పేరుకున్న బాక్టీరియానూ అవి విడుదల చేసే విషపదార్థాలనూ కడిగివేస్తుంది. పంటిని గట్టిగా పట్టుకుని ఉన్న పలచని పొరను మాత్రం అది కొంతవరకే కదిలించగలదు.

కొన్ని ప్రకటనల్లో 99.9 శాతం పాచి పోతుందన్న అంకె కనిపిస్తుంది. ఆ అంకె మనుషుల నోళ్లలో కొలిచినది కాదు; పీకిన పళ్లను ప్రయోగశాలలో ఉంచి, మూడు సెకన్ల పాటు ధార తగిలించిన చోటును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసి చెప్పినది. అలా చూస్తే అది అబద్ధం కాదు గానీ, వేలు వణికి, చెంప అడ్డొచ్చి, ధార కొన్ని చోట్ల తగలనే తగలని ఇంటి వాడకానికి దానిని అన్వయించలేము. పంటి సందులను శుభ్రం చేసే సాధనాలపై, వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కాక్రేన్ అనే సంస్థ 2019లో ప్రచురించిన సమీక్ష, బ్రష్షుకు తోడుగా నీటి ధారను వాడినవారిలో ఒక నెల నాటికి చిగుళ్ల వాపు కొంత తగ్గవచ్చుననీ, పాచి మోతాదులో మాత్రం తేడా కనిపించలేదనీ, ఈ విషయంలో ఉన్న ఆధారాలు అంత బలమైనవి కావనీ తేల్చింది. ఈ కారణంగా దీనిని పాచిని గీకే పరికరంగా కాక, చిగురు అంచును కడిగే పరికరంగా చూడటమే సబబు. బ్రష్షుకు ఇది తోడే గానీ బదులు కాదు.

ఇక పాచి గట్టిపడి ఏర్పడే గార సంగతి వేరు. లాలాజలంలోని ఖనిజాలు చేరడం వల్ల పాచి రెండు మూడు రోజుల్లోనే గట్టిపడటం మొదలుపెడుతుంది. అలా ఒకసారి గారగా మారినదానిని ఏ ప్రెజర్‌లో పెట్టిన నీటి ధారా ఊడదీయలేదు. అది దంతవైద్యుడు స్కేలింగ్‌లో, అంటే పరికరాలతో గీకి శుభ్రం చేసే చికిత్సలో, తీయవలసిందే. చిగుళ్లు ఇప్పటికే వాచి, పళ్ల మొదళ్లలో గార పేరుకుని ఉన్నవారు ముందు స్కేలింగ్ చేయించుకుని ఆ తర్వాత ఈ పరికరాన్ని మొదలుపెడితేనే దాని ఫలితం సరిగా తెలుస్తుంది.

రోజూ ఒకసారైనా ఈ పని చేయాలనడానికి మంచి కారణం ఉంది. 1965లో డెన్మార్క్‌లో హారాల్డ్ లోయె బృందం, ఆరోగ్యకరమైన చిగుళ్లున్న కొందరిని పళ్లు శుభ్రం చేసుకోవడం పూర్తిగా ఆపమని కోరి పరిశీలించగా, 10 నుంచి 21 రోజుల మధ్య వారందరికీ చిగుళ్ల వాపు వచ్చింది. మళ్లీ శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టిన వారం పది రోజుల్లో అది తగ్గిపోయింది. పాచి పేరుకోవడానికి వ్యవధి ఇస్తే చిగురు వాస్తుంది, ఆ వ్యవధిని తెంచితే కోలుకుంటుంది. వారానికి రెండుసార్లు చాలాసేపు కడగడం కన్నా రోజూ ఒక నిమిషం కడగడం మేలనడం ఇందుకే.

ఎవరికి ఎక్కువ ఉపయోగం

పళ్లకు క్లిప్పులు వేయించుకున్నవారు, బ్రిడ్జి (పక్క పళ్ల ఆధారంతో నిలిచే కట్టుడు పన్ను) లేదా ఇంప్లాంట్ (దవడ ఎముకలో అమర్చిన కృత్రిమ పన్ను) ఉన్నవారు, కీళ్లనొప్పుల వల్లనో చేతి వణుకు వల్లనో ఫ్లాస్ దారాన్ని వేళ్లకు చుట్టి పట్టుకోలేనివారు దీనివల్ల అందరికన్నా ఎక్కువ లాభపడతారు. దారం వాడాలని తెలిసినా ఎన్నడూ వాడనివారు కూడా ఈ జాబితాలోని వారే. వాడని దారం కన్నా వాడే నీటి ధార నయం. అయితే పళ్ల మధ్య ఖాళీ కాస్త ఎక్కువగా ఉండి, సందులో తిప్పే చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్షు సులువుగా దూరేవారికి పాచి విషయంలో ఆ బ్రష్షే ముందు వరసలో నిలుస్తుంది. పళ్లు మరీ దగ్గరగా ఆనుకున్నవారికి, అవి తాకే ఆ ఒక్క బిందువు దగ్గర దారమే పనికొస్తుంది. నీటి ధార ఈ రెండింటినీ పక్కకు నెట్టవలసిన అవసరం లేదు.

పరికరం ఎంపిక గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు. కరెంటు ప్లగ్గుకు తగిలించి వాష్ బేసిన్ పక్కన పెట్టుకునే రకంలో ట్యాంకు పెద్దది, ప్రెజర్‌లో స్థాయిలు ఎక్కువ. చార్జింగ్‌తో పనిచేసే చేతి రకంలో ట్యాంకు చిన్నది కాబట్టి మధ్యలో ఒకసారి మళ్లీ నింపుకోవలసి రావచ్చు, కానీ చోటు తక్కువ పడుతుంది, ప్రయాణాలకు వీలుగా ఉంటుంది. ప్రెజర్‌ను బాగా తక్కువ స్థాయికి తగ్గించుకునే వీలుందా అన్నదే చూడవలసిన ముఖ్య విషయం. అమ్మేవారు ఎంత ఎక్కువ ప్రెజర్ వస్తుందో చెబుతారు. మొదటి వారంలో మీకు కావలసినది ఎంత తక్కువ వస్తుందన్న సంగతి.

వాడే పద్ధతి

బ్రష్షుకు ముందా, తర్వాతా అన్న సందేహం అందరికీ వస్తుంది. ముందు నీటి ధార, ఆ తర్వాత బ్రష్షు అన్న వరస నాకు సరైనదిగా తోస్తుంది. ధారతో సందులు శుభ్రమైన తర్వాత తోముకుంటే పేస్టులోని ఫ్లోరైడ్ ఆ సందుల్లోకి బాగా చేరుతుంది, పైగా తోముకున్నాక పంటి మీద మిగిలిన ఫ్లోరైడ్‌ను మళ్లీ నీళ్లతో కడిగివేసినట్టు కాదు. తోముకున్న తర్వాత నురుగు ఉమ్మివేసి, నోరు ఎక్కువ నీళ్లతో పుక్కిలించకుండా ఉండాలన్న సలహా కూడా ఈ కారణం మీదే నిలిచింది. వేళ విషయానికొస్తే, రాత్రి పడుకునే ముందు మేలు. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కనుక ఆ సమయంలో పళ్లూ చిగుళ్లూ శుభ్రంగా ఉండటం అవసరం.

ట్యాంకులో తాగదగిన నీటిని గోరువెచ్చగా పోయాలి. చన్నీళ్లు పళ్ల మొదళ్లు బయటపడ్డవారికి జివ్వుమనిపిస్తాయి, మరీ వేడినీళ్లు చిగుళ్లకూ పరికరానికీ మంచివి కావు. ధార బయటికి వచ్చే సన్నని గొట్టం లాంటి టిప్‌ను చప్పుడు వినిపించేదాకా నొక్కి సరిగా బిగించి, ప్రెజర్‌ను అన్నిటికన్నా తక్కువ స్థాయిలో ఉంచాలి. తర్వాత వాష్ బేసిన్ మీదికి బాగా వంగి, టిప్‌ను నోట్లో పెట్టుకున్న తర్వాతే స్విచ్చి నొక్కాలి. పెదవులను కొద్దిగా మూసి, నోటిలో చేరిన నీరు తనంతట తాను బేసిన్‌లోకి జారిపోయేలా నోటి మూలను తెరిచి ఉంచాలి. నిటారుగా నిలబడి, నోరు పెద్దగా తెరిచి అద్దంలో చూసుకోవాలన్న తాపత్రయమే మొదటి రోజుల్లో చొక్కా, అద్దం, గోడ మూడూ తడిసిపోవడానికి కారణం. ఇది చూపుతో కాక స్పర్శతో చేసే పని. ధార చిగురు అంచున ఎక్కడ తగులుతోందో కళ్లు మూసుకున్నా తెలుస్తుంది.

సాధారణ టిప్‌ను పంటికీ చిగురుకూ నడుమ ఉన్న గీతకు లంబంగా, అంటే 90 డిగ్రీల కోణంలో పట్టుకోవాలి. ధారను నేరుగా చిగురు కిందికి గుచ్చినట్టు పంపడం తప్పు, పంటి కొస మీద మాత్రమే కొట్టడం వృథా. ఒక వైపు చిట్టచివరి దవడ పంటితో మొదలుపెట్టి, చిగురు గీత వెంట టిప్‌ను మెల్లగా జరుపుతూ, ప్రతి రెండు పళ్ల మధ్య సందు దగ్గర ఒకటి రెండు సెకన్లు ఆగి, మళ్లీ ముందుకు సాగాలి. పై వరస చెంప వైపు పూర్తయ్యాక అదే వరసను అంగిలి వైపు నుంచి, ఆ తర్వాత కింది వరసను చెంప వైపు నుంచీ నాలుక వైపు నుంచీ కడగాలి. ఈ క్రమం ఏదైనా ఫరవాలేదు గానీ రోజూ అదే క్రమం పాటించాలి, లేకపోతే ఏదో ఒక మూల ప్రతిరోజూ తప్పిపోతుంది. మొత్తం మీద ఒక నిమిషం నుంచి నిమిషంన్నర పడుతుంది. అంతకన్నా చాలా త్వరగా అయిపోతే సందుల దగ్గర ఆగకుండా జరిపేస్తున్నారన్నమాట.

సాధారణంగా తప్పిపోయే చోట్లు రెండున్నాయి. మొదటిది కింది ముందు పళ్ల లోపలి వైపు. నాలుక కింద లాలాజల గ్రంథుల నాళాలు అక్కడే తెరుచుకుంటాయి కనుక గార చాలామందిలో ముందుగా పేరుకునే చోటు అది. నాలుకను వెనక్కి లాక్కుని, టిప్‌ను నిలువుగా తిప్పి, అక్కడ కావాలని కాస్త ఎక్కువసేపు ఉండాలి. రెండవది చిట్టచివరి దవడ పంటి వెనుక భాగం. నోటిని పెద్దగా తెరిస్తే చెంప బిగుసుకుని టిప్ అక్కడికి వెళ్లదు. సగం మూస్తే చెంప వదులై దారి ఇస్తుంది.

మీరు పట్టుకునే తీరు సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. పాచికి రంగు పట్టించే బిళ్లలు మందుల షాపుల్లో దొరుకుతాయి. నీటి ధార, బ్రష్షు రెండూ అయిన తర్వాత ఒక బిళ్లను నమిలి, లాలాజలంతో పళ్లన్నిటికీ తగిలేలా నోట్లో తిప్పి ఉమ్మివేసి, ఒకసారి పుక్కిలించి అద్దంలో చూడండి. మిగిలిన పాచి ఎర్రగానో ఊదాగానో కనిపిస్తుంది. రంగు పంటి సందుల అంచుల్లో త్రికోణాల్లా మిగిలితే సందుల దగ్గర ఆగడం లేదని అర్థం. చిగురు గీత వెంట సన్నని చారలా మిగిలితే బ్రష్షు ఆ గీతను తాకడం లేదని అర్థం. రెండు మూడు వారాలకొకసారి ఇలా చూసుకుంటే, పరికరంతో వచ్చే ఏ సూచనల పుస్తకమూ చెప్పలేనంత స్పష్టంగా మీ నోటి సంగతి మీకు తెలుస్తుంది.

ప్రెజర్‌ను ఎప్పుడు పెంచాలి? తక్కువ స్థాయిలో వారం పాటు నొప్పి, మంట లేకుండా అలవాటైతే ఒక్కో స్థాయి పెంచుకుంటూ మధ్యస్థ స్థాయికి వచ్చి అక్కడ ఆగవచ్చు. బేసిన్ పక్కన పెట్టుకునే పరికరాల్లో ప్రెజర్ సాధారణంగా 10 నుంచి 100 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో కొలిచే ఒత్తిడి) వరకు ఉంటుంది. చివరి స్థాయికి చేరడం ఎవరికీ తప్పనిసరి కాదు. నొప్పి పుట్టేంత ధార చిగురుకు మేలు చేయదు.

టిప్ మారితే పద్ధతీ మారుతుంది

క్లిప్పులు ఉన్నవారికి కొసన చిన్న కుచ్చు ఉండే టిప్ వస్తుంది. పంటికి అంటించిన ప్రతి బ్రాకెట్‌కూ పైనా కిందా, తీగ చాటునా ధారను పంపుతూ ఆ కుచ్చుతో మెల్లగా రుద్దాలి. ఇక్కడ మాత్రం ఎక్కువ సమయం పడుతుందని ముందే అనుకోవాలి. బ్రిడ్జి ఉన్నవారు కట్టుడు పంటి అడుగు భాగానికీ చిగురుకూ మధ్య ఉన్న సన్నని ఖాళీలోకి రెండు వైపుల నుంచీ ధారను పంపాలి. ఇంప్లాంట్ చుట్టూ ప్లాస్టిక్ టిప్‌నే, తక్కువ ప్రెజర్‌లోనే వాడాలి. శస్త్రచికిత్స అయిన కొత్తలో ఎప్పటి నుంచి మొదలుపెట్టాలో వేసిన వైద్యుడే చెప్పాలి.

చిగురుకూ పంటికీ మధ్య సహజంగా ఉండే గాడి లోతు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. జబ్బు వల్ల అది నాలుగు మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో అయితే దానిని పాకెట్ అంటారు. ఇలాంటివారికోసం మెత్తని రబ్బరు కొస ఉండే ప్రత్యేకమైన టిప్ ఉంటుంది. దానిని 45 డిగ్రీల కోణంలో, అతి తక్కువ ప్రెజర్‌లో, చిగురు అంచుకు ఆనించి మాత్రమే వాడాలి, లోపలికి తోయకూడదు. ఈ టిప్‌ను ఎవరికి వారు కొనుక్కుని మొదలుపెట్టే కన్నా, ఏ పళ్ల దగ్గర వాడాలో దంతవైద్యుడి చేత చూపించుకున్న తర్వాత వాడటం క్షేమం.

రక్తం వస్తే

మొదటి రోజుల్లో బేసిన్‌లో పడే నీటిలో ఎర్రని జీర కనిపిస్తే చాలామంది బెదిరి పరికరాన్ని అటక మీద పెట్టేస్తారు. సాధారణంగా ఆ రక్తం అప్పటికే వాచి ఉన్న చిగురు నుంచి వస్తుంది. ధార గాయం చేసిందనడానికి అది గుర్తు కాదు. ప్రెజర్ తగ్గించి, ఆపకుండా రోజూ కొనసాగిస్తే వారం నుంచి రెండు వారాల్లో తగ్గుముఖం పట్టాలి. తగ్గకపోయినా, ఒకే చోట మళ్లీ మళ్లీ వస్తున్నా, చీము కనిపించినా, పన్ను కదులుతున్నా దంతవైద్యుడిని కలవాలి. పొగతాగేవారు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి: పొగాకు చిగుళ్లకు రక్త సరఫరాను తగ్గించడం వల్ల జబ్బు ఉన్నా రక్తం కనిపించకపోవచ్చు, కనుక రక్తం రావడం లేదన్న ధీమా వారికి పనికిరాదు. మధుమేహం ఉన్నవారికి చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది, ముదిరిన చిగుళ్ల జబ్బు చక్కెర అదుపును ఇంకా కష్టం చేస్తుంది; వారు పరీక్షను వాయిదా వేయకూడదు.

కొందరు వైద్యుడిని అడిగిన తర్వాతే దీనిని మొదలుపెట్టాలి. కృత్రిమ గుండె కవాటం ఉన్నవారు, గుండె లోపలి పొరకు గతంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినవారు, పుట్టుకతో కొన్ని రకాల గుండె లోపాలున్నవారు, దంతచికిత్సకు ముందు యాంటీబయాటిక్ వాడవలసిందిగా వైద్యుడు చెప్పినవారు ఈ కోవకు చెందుతారు. రక్తం పలచబడే మందులు వాడేవారు కూడా ఒకసారి అడగడం మంచిది. పన్ను పీకించుకున్న తర్వాత ఆ గుంటలో ఏర్పడే రక్తపు గడ్డను ధార కదిలిస్తే తీవ్రమైన నొప్పి వస్తుంది, మానడం ఆలస్యమవుతుంది. వైద్యుడు సరేననే వరకు ఆ వైపు వాడకూడదు. నోటిపూత ఉన్న చోటికీ, నాలుక అడుగు భాగానికీ ధారను తిప్పకూడదు. పిల్లలకైతే సుమారు ఆరేళ్లు నిండి, నీరు మింగకుండా ఉమ్మివేయగలిగిన తర్వాత, పెద్దలు పక్కన ఉండగా, అతి తక్కువ స్థాయిలో మొదలుపెట్టవచ్చు.

నీటిలో ఏమైనా కలపవచ్చా అంటే, మామూలు నీరు చాలు. మౌత్‌వాష్ కలపాలనుకుంటే సగానికి మించకుండా కలిపి, పని అయ్యాక శుభ్రమైన నీటిని ట్యాంకులో పోసి కొద్దిసేపు నడిపించాలి. బాక్టీరియాను చంపే క్లోర్‌హెక్సిడీన్ మౌత్‌వాష్‌ను వైద్యుడు చెప్పిన కొద్దికాలమే వాడాలి, ఎందుకంటే ఎక్కువ కాలం వాడితే పళ్లకు గోధుమరంగు మరకలు పడతాయి. తయారీదారు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఉప్పు, బేకింగ్ సోడా, నూనెలు ట్యాంకులో వేయకూడదు. అవి గొట్టాలనూ టిప్ రంధ్రాన్నీ పూడ్చివేస్తాయి.

పరికరం శుభ్రత

పళ్ల మీద పెరిగే జిగురు పొర తడిగా ఉండే గొట్టంలోనూ పెరుగుతుంది. వాడిన ప్రతిసారీ ట్యాంకులోని నీటిని పారబోసి, ఖాళీ ట్యాంకుతో కొన్ని సెకన్లు నడిపి గొట్టంలోని నీటిని కూడా బయటికి తీసి, మూత తెరిచి ఆరనివ్వాలి. నీటిలో లవణాలు ఎక్కువగా ఉంటే టిప్ రంధ్రం చుట్టూ తెల్లని పొర కట్టి, ధార పక్కకు చీలడం మొదలవుతుంది. నెలకో రెండు నెలలకో ఒకసారి గోరువెచ్చని నీటిలో ఒకటి రెండు టేబుల్ స్పూన్ల తెల్ల వెనిగర్ కలిపి నడిపి, తర్వాత మంచినీటితో నడిపితే ఆ పొర కరుగుతుంది. సాధారణ టిప్‌ను ఆరు నెలలకూ, కుచ్చు గానీ రబ్బరు కొస గానీ ఉన్న టిప్‌ను మూడు నెలలకూ మార్చాలి. ఇంట్లో నలుగురు ఒకే పరికరం వాడుకోవచ్చు గానీ టిప్ ఎవరిది వారికే ఉండాలి. అందుకే వాటి మొదట్లో రంగుల ఉంగరాలు వేసి ఇస్తారు. ప్లగ్గుతో నడిచే రకాన్ని తడి చేతులతో తగిలించడం, స్నానం చేస్తూ వాడటం, నీటిలో పడే చోట పెట్టడం ఎంతమాత్రం తగదు.

తర్వాతిసారి స్కేలింగ్‌కు వెళ్లినప్పుడు చిగురు గాడి లోతును కొలిచి, ఏ పంటి దగ్గర ఎన్ని మిల్లీమీటర్లు ఉందో, ఎన్ని చోట్ల రక్తం వచ్చిందో రాసి ఇవ్వమని అడగండి. ఆరు నెలల తర్వాత మళ్లీ కొలిపించి రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుంటే, రక్తం వచ్చే చోట్లు తగ్గాయో లేదో, నాలుగు మిల్లీమీటర్లున్న గాడి మూడుకు వచ్చిందో లేదో తెలిసిపోతుంది. అంకెలు మారకపోతే ప్రెజర్ పెంచే ముందు ఆ పంటి దగ్గర టిప్ ఎలా పట్టుకుంటున్నారో వైద్యుడికి చేసి చూపించండి.